పటేల్ తిన్న కార్జం, మల్లయ్య పందులు

జిల్లాలు విడదీసిన మూడో ఏడు, వానాకాలం చివర, నన్ను లక్సెట్టిపేట వైపు ఒక మండలానికి పశువైద్యాధికారిగా వేశారు. యాభై మూడేళ్లకే స్వచ్ఛందంగా ఉద్యోగం వదిలేశాను కాబట్టి ఇప్పుడు ఈ సంగతి చెప్పినా మెమో రాదు. నా మాటల్లో పావువంతు తీసేసి నమ్మమని మా ఆవిడ అందరికీ చెబుతుంటుంది. ఇందులో అంత అవసరం లేదు. ఉన్న అబద్ధం ఒక్కటే, అది ఎక్కడ ఆడానో నేనే చెబుతాను.

ఒక ఊళ్లో నలుగురు మగవాళ్లకు ఇంచుమించు ఒకేసారి కామెర్లు వచ్చాయి. రక్తపరీక్షలో హెపటైటిస్-ఇ అని తేలింది. ఇది కాలేయాన్ని పట్టే వైరస్. మన దగ్గర ఎక్కువగా మురుగు కలిసిన తాగునీటితో మనుషుల నుంచి మనుషులకే వస్తుంది. ఇందులోనే మరో రకం పందుల్లో ఉంటుంది, సరిగా ఉడకని మాంసంతో మనిషికి ఎక్కుతుంది. ఊళ్లో ఎవరో ఫోనులో ఈ రెండో సంగతి మాత్రమే చదివి వినిపించారు. అంతే, ఊరి చివర పందులు పెంచే మల్లయ్య నేరస్తుడైపోయాడు. వారంలోగా పందుల్ని ఊరు దాటించాలని పంచాయతీ తేల్చింది. వాటిని రానిచ్చే ఊరు చుట్టుపక్కల లేదు, మల్లయ్యకు వేరే బతుకుదెరువు లేదు.

పందుల నెత్తురు తీయమని నన్ను పిలిచారు. పై దవడకు తాడు ఉచ్చు వేసి ఒకరు లాగి పట్టాలి. పంది వెనక్కి గుంజుకుంటుంది. ఆ బిగువులో మెడ కింద సూది దించాలి. సూదికన్నా ముందే, పట్టుకున్నందుకే అరుస్తుంది. ఆ అరుపుకు గోదావరి అవతల మేస్తున్న బర్రెలు తలెత్తి చూశాయి.

కామెర్లు వచ్చిన నలుగురిలో పెద్ద రైతు రాజిరెడ్డి దూరంగా కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. కళ్లు పసుపు కొమ్ముల్లా ఉన్నాయి.

"అన్నిట్ల రోగమే ఉంటది, రాసుకోండ్రి సారూ," అన్నాడు.

తాడు పట్టుకున్న మల్లయ్య ఊరుకోలేదు. "పందిని జూస్తెనే కామెర్లయితే పటేలా, వాటి పక్కన పండేటోణ్ణి నాకు ఎన్నడో కావాలె. నా కండ్లు జూడు, మల్లెపూల లెక్కున్నయి."

"కల్లుకు ఎర్రగయిన కండ్లు, మల్లెపూలంట!"

నమూనాలు ఐస్ డబ్బాలో సర్దుతుంటే ఏఎన్ఎం సుగుణమ్మ వచ్చింది. ఆ నలుగురి ఇళ్లలో ఆడవాళ్లు, పిల్లలు అదే ట్యాంకు నీళ్లు తాగుతున్నా ఒక్కరికీ ఏమీ కాలేదని చెప్పింది. నలుగురూ కలిసి చేసే పని ఒక్కటే, మక్క చేలకు కాపలా. "కలిసి ఏం తిన్నరని అడిగితె ఒక్కలు నోరిప్పుతలేరు సార్," అంది.

మక్కజొన్న చేనంటే రాత్రిళ్లు దాన్ని మేయడానికి వచ్చే అడవిపంది. దాన్ని కొట్టి తింటే కేసు. నోరు ఎందుకు విప్పుతారు?

ప్రయోగశాల జవాబుకు మూడు వారాలు పడుతుంది. మల్లయ్యకు మిగిలింది నాలుగు రోజులు. మర్నాడు పంచాయతీలో నలుగురినీ కూర్చోబెట్టి నా అబద్ధం ఆడాను. హైదరాబాద్‌లో కొత్త మిషను వచ్చింది, అందులో మీ నెత్తురు చుక్క వేస్తే ఊరపందా అడవిపందా, ఎవరు ఎన్ని ముక్కలు తిన్నారు, అంతా పేర్లతో సహా అచ్చయి వస్తుంది, ఆ కాగితం నకలు అన్ని శాఖలకూ పోతుంది, ముందే చెబితే మిషను దాకా పోనక్కర్లేదు అన్నాను.

నలుగురిలో ఒకడైన రాజిరెడ్డి బామ్మర్ది శ్రీను లేచి నిలబడ్డాడు. "నేను రెండు ముక్కలే తిన్న సార్! కార్జం సగం మా బావనే తిన్నడు!"

"అరె, నోరు మూయరాదురా!"

"మిషన్ల ఎట్లనన్న వస్తది గద బావా!"

కార్జమంటే కాలేయం. వైరస్ కాపురముండేది అందులోనే. నెలన్నర కింద ఉచ్చులో అడవిపంది పడిందని ఒప్పుకున్నారు. మాంసం ఇళ్లకు పోయి గంటసేపు ఉడికింది కాబట్టి ఆడవాళ్లు, పిల్లలు బాగానే ఉన్నారు. కార్జం మాత్రం కాపలా మగవాళ్ల వాటా, చేను గట్టునే నిప్పుల మీద కాల్చుకుంటారు. పొగ చూసి అటవీశాఖ బీట్ ఆఫీసర్ వస్తాడేమోనని ఎర్రగా ఉండగానే తీసి తిన్నారు.

వెనక నిలబడిన మల్లయ్య నెమ్మదిగా అడిగాడు. "సారూ, గా మిషను మన పంచాయతీల ఒకటి పెట్టరాదుండ్రి?"

సర్పంచు నవ్వు ఆపుకోలేకపోయాడు. పందులు ఊళ్లోనే ఉండిపోయాయి.

ఫలితాలు వచ్చాక మల్లయ్య పందుల్లో మూడింటికి ఎప్పుడో ఇదే వైరస్ సోకిన ఆనవాళ్లు కనిపించాయి. నేను వకాల్తా పుచ్చుకున్నవి అంత పత్తిత్తులేమీ కావన్నమాట. దొడ్డిని బోరింగుకు దూరంగా, పల్లం వైపు మార్పించాను. "గెలిచినంక గూడ శిక్షేనా సారూ?" అని గొణుగుతూనే మార్చాడు. అడవిపంది నెత్తురు మాత్రం ఎవరికీ దొరకలేదు. అది అప్పటికే అరిగిపోయింది. కాబట్టి నేను చెప్పిన కారణం బలమైన అనుమానమే తప్ప రుజువు కాదు.

జంతువు నుంచి మనిషికి వచ్చే రోగంలో సూది రెండో పని. ఎవరితో కూర్చుని ఏం తిన్నారు, అది ఎంతసేపు నిప్పు మీద ఉంది అన్నది మొదటి పని. జవాబు రాకపోతే వాళ్లు దేనికి భయపడుతున్నారో కనుక్కోవాలి. నివేదికలో 'సరిగా కాలని కార్జం' అని రాశాను. ఏ పందిదో రాయడానికి ఆ ఫారంలో గడి లేదు.