వానలో వ్యాను దిగని మా బావ

మీ కోసం తడుస్తున్న మనిషిని పదిమందిలో పెట్టి ఎప్పుడైనా గద్దించారా? అదీ వాక్యం చేతపట్టుకుని? నేను గద్దించాను. ఆయన మా అక్క భర్త, మా సువార్త వ్యాను తోలినవాడు. పోయిన శనివారం ఆత్మకూరులో మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చాడు. మళ్ళీ లేవలేదు.

ఉదయగిరి నుంచి మర్రిపాడు దాకా మా సువార్త కూటాలకు వచ్చినవాళ్ళకు ఆ వ్యాను తెలుసు. ఎవరో వాడి వదిలేసిన బండి. ముసురు పట్టిందంటే లోపల చాప కింద నీళ్ళు చప్పుడు చేసేవి. పాటలు పాడే ఆడవాళ్ళు చెప్పులు చేత్తో పట్టుకుని, కాళ్ళు ముడుచుకుని కూర్చునేవారు. పాటల పుస్తకాలు తడిసి ఉబ్బిపోయేవి.

నాకు వెంటనే నోవహు గుర్తొచ్చాడు. ఓడకు లోపలా బయటా కీలు, అంటే తారు, పూయమని కదా దేవుడు చెప్పింది! డబ్బా తారు తెచ్చి, ప్రార్థన చేసి, సందు కనిపించిన చోటల్లా నా చేత్తోనే పూశాను. తర్వాతి వానకు నీళ్ళు ఇంకా ఎక్కువ వచ్చాయి. బావ ముందు అద్దం కింద వంగి చూసి పడీ పడీ నవ్వాడు.

"ఓరి బామ్మర్దీ, నోవహు ఓడ నీళ్ళలో తేలాల. మన బండి మింద పడిన నీళ్ళు దిగిపోవాల. ఆ దిగే బొక్కలకి గూడా తారు కొట్టినావు గదరా! ఇంక అవి యాడికి పోతాయి? మనకాడికే వస్తాయి."

సైకిలు చువ్వతో ఆ తారు గీకడానికి ఒక పూట పట్టింది. గీకినంతసేపూ నన్ను "నోవహూ, ఆ గుడ్డ ఇటియ్యి" అని పిలుస్తూనే ఉన్నాడు.

కారే చోటు పట్టడానికి ఆయనకో పద్ధతి ఉండేది. "కాళ్ళకాడ తడిస్తే కాళ్ళకాడ ఎతకబాకరా. నీళ్ళు పైన యాడో దూరి, రేకెంట నడుచుకుంటా వచ్చి ఇంకోచోట కార్తాయి" అనేవాడు. లోపలంతా ఆరబెట్టి, అతుకుల వెంట ముగ్గుపిండి చల్లాలి. ఒకరు బయట చెంబుతో కింది నుంచి పైకి కొంచెం కొంచెంగా నీళ్ళు పోయాలి. ఇంకొకరు లోపల టార్చిలైటుతో కూర్చుని పిండి ఎక్కడ తడుస్తుందో చూడాలి. ఇద్దరు మనుషుల పని అది.

"ఒక్కపూట వచ్చి లోపల కూచోరా."

"ఉపవాస కూటం ఉండాది బావా."

"నువ్వు ఒక్కపూట నోరు మూసుకుంటే దేవుడికి పొద్దుపోదా ఏంది?"

నేను నవ్వేసి వెళ్ళిపోయేవాణ్ణి.

మర్రిపాడు దగ్గర ఒక పల్లెలో కూటం జరుగుతోంది. సాయంకాలం వాన దంచి కొట్టింది. జనమంతా టార్పాలిన్ కింద ఒదిగి కూర్చున్నారు. బావ ఒక్కడే వ్యాను దిగలేదు. నాకు రోషం వచ్చింది. "వాక్యం చెవిన పడుతున్నా బండి దిగని గుండెలున్నాయి! ఓడ ఎక్కేశామనుకుని లోపల కునుకు తీస్తున్నాయి!" అని మైకులో అరిచాను. తలలన్నీ వ్యాను వైపు తిరిగాయి. కొందరు నవ్వారు.

ఆ రాత్రి తిరిగి ఆత్మకూరు చేరాం. బండి ఆపాక, "ఎడమపక్క, అద్దం రబ్బరు పైమూల. దొరికిందిలే" అన్నాడు. మాట మారుస్తున్నాడనుకున్నాను. మర్నాడు రబ్బరు మార్చాడు. ముందు సీట్ల కింద తడి పోయింది. కూటంలో దేవునికి స్తోత్రం చెప్పాను. బావకు ఒక్క మాట చెప్పలేదు.

భూస్థాపన అయిన సాయంత్రం అక్క చెప్పింది. "నీళ్ళు పోసేదానికి మనిషి లేక, వానతోనే పోయించుకుని లోపల టార్చి పట్టుకుని కూచున్నాడు రా ఆ పొద్దు. నువ్వు మైకులో అన్నదంతా ఇన్నాడు. 'ఎవురో నిద్రపోతున్నారంట, మీ తమ్ముడు శానా బాధపడినాడు' అని ఇంటికొచ్చి నవ్వినాడు."

వెనక తలుపు దగ్గర కారేది మాత్రం మిగిలిపోయింది. చనిపోయే ముందు వారం కూడా అడిగాడు: "అది వానకి దొరకడంలా. చెంబుతో పోస్తేనే తెలిసేది. రేపు రారా." కన్వెన్షన్ కూటాలు అయ్యాక వస్తానన్నాను. కన్వెన్షన్ అయింది. వచ్చాను, సమాధి దగ్గర వాక్యం చెప్పడానికి.

నిన్న అక్క బకెట్ నిండా నీళ్ళు తెచ్చి వ్యాను పక్కన పెట్టింది. "ఆయన అడిగింది నిన్నే గదా. ఎక్కి కూచో" అంది. ముగ్గుపిండి చల్లి, టార్చి వేసుకుని కూర్చున్నాను. అక్క బయట చెంబుతో పోస్తూ, "దిగిందా?" అని అడుగుతోంది. వెనక తలుపు కుడిపక్క బందు పైన ఒక చుక్క దూరింది. రేకు వెంట మెల్లగా నడిచి, ఎడమ మూల పిండిలో పడింది. అచ్చం ఆయన చెప్పినట్టే. చూపిద్దామని పక్కకు తిరిగాను. పక్కన ఆరిన చాప, దాని మీద ఆయన చేతులు తుడుచుకునే గుడ్డ ఉన్నాయి.

సహోదరులారా, మీ ఇంట్లోనూ ఎవరో ఒక్కపూట రమ్మని అడుగుతున్నారు. ఆదివారం దాకా ఆగకండి. ప్రార్థన అయ్యాక అనకండి. చదువుతున్న ఈ కాగితం పక్కన పెట్టి లేవండి. ఈ పూటే వెళ్ళి ఆ మనిషి పక్కన కూర్చోండి.