కెమెరా గిన్నె

ఇంట్లో ఆయన పేరు ఆగండిగారు. పెట్టింది పెళ్లామే. హోటళ్ల మెనూ కార్డులకు ఫోటోలు తీయడం ఆయన వృత్తి. కుటుంబంతో బయట భోజనానికి వెళ్లినా సరే, వడ్డించినవాడు వెనక్కి తిరగకముందే "ఆగండి" అంటాడు. ప్లేట్లు జరిపి, గ్లాసులు తప్పించి, వెలుతురు కుదిరి ఫోటో తీసేసరికి అన్నీ చల్లారి చస్తాయి. పిల్లలు గుటకలు మింగుతూ కూర్చుంటారు. లోకానికి నోరూరించే మహానుభావుడు ఇంట్లోవాళ్ల నోళ్లు కట్టేశాడు.

మెనూ ఫోటోలో కనిపించేది తినడానికి పనికిరాదు. మాంసం మెరవాలని బ్రష్షుతో నూనె పూస్తాడు. సూపు అప్పుడే పోసినట్టుండాలని అంచు వెంబడి గిన్నెలు తోమే సబ్బు నురగ వేస్తాడు. అందుకే ఆయన దగ్గర ఎప్పుడూ రెండు గిన్నెలుంటాయి. ఒకటి తినడానికి, ఒకటి కెమెరాకి.

ఆయన తల్లి చాలాకాలం జ్వరంతో పడి లేచింది. లేచాక మొదటిసారి "ఆకలేస్తోందే" అంది కోడలితో. కోడలు పొంగిపోయి, ఉన్న ఓపికంతా పోసి కోడి సూపు కాచింది. ఆగండిగారు ఏ హోటలుకో సూపు ఫోటో బాకీ ఉన్నాడు. రుచి చూసి, ఇంకో గిన్నెలో పోసి, సింగారమంతా చేసి, కిటికీ వెలుతురు బాగుందని తల్లి ముందున్న బల్ల మీదే పెట్టాడు. అంతలో ఫోను మోగింది. మాట్లాడుతూ బాల్కనీలోకి పోయాడు.

తిరిగొచ్చేసరికి గిన్నె ఖాళీ.

"నాకోసం ఇంత ముస్తాబు చేశావు, వదలబుద్ధి కాలేదురా," అంది తల్లి మూతి తుడుచుకుంటూ. "కానీ నోరంతా ఒకటే చేదు. కోడలి చేతివంట నాకు తెలియనిదా? నా నాలుకే చచ్చిపోయింది."

ఒక్క మాట చెబితే సరిపోయేది. చెబితే పెళ్లాం చెడామడా దులుపుతుంది, పిల్లలు పగలబడి నవ్వుతారు. పిరికి సన్నాసి, ఖాళీ గిన్నె తీసుకెళ్లి గబగబా కడిగేశాడు.

ఆ పూట నుంచి ఆవిడ పాలలో నానిన బ్రెడ్డు తప్ప ఏదీ ముట్టలేదు. "రుచి తెలియని నోటికి మంచివన్నీ దండగ" అనేది. కోడలు రోజుకో రకం చేసి బతిమాలేది, తన వంటలోనే ఏదో లోపముందని చాటుగా ఏడ్చేది. ముసలామె చిక్కి సగమైంది.

చిన్నకూతురి పుట్టినరోజుకి అందరూ హోటలుకు వెళ్లారు.

"అత్తయ్యా, ఒక్క ముక్క. నా మాట వినండి," అంటూ కోడలు వేయించిన చేప ముక్క ఆవిడ ప్లేటులో పెట్టింది.

వాసన తగిలిందేమో, ముసలామె చెయ్యి స్పూను మీదికి పోయింది. అక్కడే ఆగి కొడుకు వైపు చూసింది.

"నిజం చెప్పరా. ఆ రోజు సూపు నువ్వూ తాగావుగా. నీకూ చేదుగా ఉందా?"

ఎంత ఆశ ఆ ముఖంలో! కోడలు కూడా మొగుడినే చూస్తోంది.

"బ్రహ్మాండంగా ఉందమ్మా," అన్నాడు.

అబద్ధం కాదు. ఆయన తాగింది పొయ్యి మీది సూపు.

"అయితే నా నోరే," అని ముసలామె ఆ ముక్కను మనవరాలి ప్లేటులో వేసేసింది. ఆగండిగారు కెమెరా బయటికి తీశాడు.

"కాస్త నవ్వమ్మా," అన్నాడు.

ఆవిడ నవ్వింది.