బాపట్లకి వెళ్ళిపోయిన క్లర్కమ్మ

రేపల్లెలో నేను పనిచేసే హైస్కూల్లో, నేను అక్కా అని పిలిచే ఆవిడ క్లర్కు, నేను తెలుగు టీచర్ని. తెనాలి నుంచి రోజూ పాసింజర్లో వచ్చి మెట్లెక్కేసరికే నాకు సగం ఓపిక అయిపోయేది. అప్పటికే అక్క గది ముందు నలుగురైదుగురు ఆడవాళ్ళు కూర్చుని ఉండేవారు. వాళ్ళలో ఏ ఒక్కరికీ మా స్కూలుతో పని ఉండేది కాదు.

అక్కది నగరం అనే ఊరి దగ్గర క్రైస్తవుల పల్లె. వాళ్ళమ్మ నాట్లకి, మినుము తీతకి వెళ్ళి చదివించింది. ఆ పల్లె నుంచి ఆఫీసు కుర్చీలో కూర్చున్న మొదటి ఆడమనిషి తనే. అందుకని పింఛను ఆగినా, రేషన్ కార్డులో కోడలి పేరు ఎక్కకపోయినా, ఆధార్‌లో వయసు తప్పు పడినా అందరూ తన దగ్గరికే వచ్చేవారు. ఆదివారం గుడి నుంచి వచ్చి చెప్పులు విప్పకముందే అరుగు మీద ఎవరో ఒకరు ఉండేవారు. పాస్టరయ్యగారు కూడా ప్రార్థన అయ్యాక "అమ్మా, ఒక చిన్న పని" అనేవారు. పెళ్ళెందుకు చేసుకోలేదక్కా అని ఒకసారి అడిగితే, "తీరికేదీ?" అంది. నవ్వలేదు.

పని చేసేది గానీ తిట్టకుండా చేసేది కాదు.

"ఏంటే, మీ ఎవరికీ చేతుల్లేవా?"

"చేతులున్నాయి అత్తా. రాతే లేదు" అనేవాళ్ళు. అక్క ఇంకా గట్టిగా తిట్టి, కాగితం లాక్కునేది.

రిటైరైన వారానికే పల్లెలో ఇంటికి తాళం వేసి బాపట్ల వెళ్ళిపోయింది. అక్కడ తనకి చుట్టాలు లేరు. పల్లె అలిగింది. ఉద్యోగం అయిపోయాక మనం చేదయ్యాం అని ఆడవాళ్ళు మా స్కూలుకొచ్చి మరీ నాతో అన్నారు. నేను ఫోన్ చేశాను.

"నాకెవరి మీదా కోపం లేదమ్మాయ్. అలిసిపోయాను. నన్నెవరూ పిలవని చోట కొన్నాళ్ళు పడుకోవాలనుంది. అంతే."

ఫోన్ పెట్టేశాక, నాక్కూడా అలాంటి చోటుంటే బాగుండుననిపించింది.

అక్కడ ఒక గది అద్దెకి తీసుకుంది. మధ్యాహ్నాలు నిద్రపోయేది. కొత్త గుడిలో చివరి బెంచీ మీద కూర్చునేది. పక్కనున్నామె "ఏం చేసేవారండీ?" అని అడిగితే "కూలికెళ్ళేదాన్నండి" అని చెప్పిందట. రాయడం వచ్చని తెలిస్తే మళ్ళీ మొదలవుతుందని భయం. ఆ మాట నాకు ఫోన్లో చెప్పి చాలాసేపు నవ్వింది. అన్నేళ్ళ పరిచయంలో తను అంతసేపు నవ్వగా వినడం అదే మొదలు.

అంతలో జిల్లాలు మారాయి. రేపల్లె, నగరం బాపట్ల జిల్లాలో కలిశాయి. అంతకుముందు అర్జీ ఇవ్వాలంటే గుంటూరు పోయిన మనుషులు ఇప్పుడు సోమవారం సోమవారం బాపట్ల కలెక్టరాఫీసుకి రావాల్సొచ్చింది. వచ్చినవాళ్ళు ఊరుకుంటారా? అడ్రసు వెతుక్కుని అక్క తలుపు కొట్టారు.

"పల్లెని వదిలి నేనొచ్చేస్తే పల్లే బస్సెక్కి వచ్చిందమ్మాయ్" అంది ఫోన్లో. గొంతులో జీవం లేదు. అయినా రాసే ఇస్తోందని నాకు అర్థమైంది.

అలాంటి ఒక సోమవారం పొద్దున, పల్లె నుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు తలుపు తోసి చూస్తే అక్క నేల మీద పడి ఉంది. మూతి పక్కకి పోయింది, కుడిచెయ్యి కదలడం లేదు. వాళ్ళే ఆటో పిలిచి ఆస్పత్రికి చేర్చారు. ఆ రోజు వాళ్ళ అర్జీ సంగతి ఎవరికీ గుర్తు లేదు.

ఆస్పత్రి నుంచి బాపట్ల గదికి తెచ్చాక పల్లె ఆడవాళ్ళు వంతులు వేసుకుని వచ్చి ఉండసాగారు. ఒక సెలవు రోజున నేను వెళ్ళేసరికి ఒకామె అక్కకి తల దువ్వుతోంది.

"ఏం కాగితం... తెచ్చావే?" అక్క మాట ముద్దగా వచ్చింది.

"కాగితం లేదు, చేపల పులుసు తెచ్చా."

"పనేంటి?"

"పనేం లేదు అత్తా. ఊరికే వచ్చా."

"ఊరికే ఎవరొస్తారే?"

"నేనొచ్చాగా. నోరు తెరువు."

అక్క నోరు తెరిచింది. ఆమె ముల్లు తీసి ముద్దలు పెట్టింది. తిన్నంతసేపూ అక్క కళ్ళు మూసుకునే ఉంది. ఆమె కంచం కడగడానికి వెళ్ళాక నా వైపు తిరిగి, "ఇది కూడా... కష్టంగానే ఉందమ్మాయ్" అంది. చేయించుకోవడం తనకి కొత్త. నేను చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

పల్లెకి వచ్చెయ్యమని వాళ్ళు బతిమాలారు. మొదట వద్దంది. వాళ్ళు బస్సుల్లో పడే అవస్థ చూడలేక చివరికి సరేనంది. ఆ ఎండాకాలం పల్లెలోనే గడిపింది. ఎవరూ పనులు అడగలేదు. వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం నిద్రలోనే పోయింది.

భూస్థాపన నాడు నాట్లు మానుకుని అందరూ వచ్చారు. తర్వాత పోయినవాళ్ళని తలుచుకుని ప్రార్థించే ఆదరణ కూడికలో, అక్క గురించి ఎవరైనా రెండు మాటలు చెప్పమన్నారు పాస్టరయ్యగారు. ఒక ముసలామె కూర్చునే, "ఇక మమ్మల్ని తిట్టేదెవరయ్యా?" అంది. కొందరు నవ్వారు, కొందరు ముక్కు చీదుకున్నారు.

ఇప్పుడు వాళ్ళలో కొందరు నా దగ్గరికి వస్తున్నారు. అక్కకి తెలిసినన్ని దారులు నాకు తెలియవు, ఫోన్లో చెయ్యాల్సిన పనులైతే అసలే రావు. తెలిసినంత రాసిస్తున్నాను. మొన్న ఒకామె కాగితం మడిచి కొంగున కట్టుకుంటూ, "మీకూ ఓపిక లేనట్టుందండి" అంది.

"నిజంగానే లేదమ్మా" అన్నాను.

"పోనీ, ఇవాళ్టికి నేనే ఆఖరండి" అని లేచి, బయట కూర్చున్న ఇంకొకామెని కూడా లేపి తీసుకెళ్ళింది.