ట్రైలర్లో నా మెడ

మా ఆయన భాస్కర్ అంత పిరికోడు గజపతినగరం మొత్తమ్మీద ఇంకోడు దొరకడు. గోడ మీంచి బల్లి పడితే బల్లికంటే ముందు ఈయన లగెత్తుతాడు. అలాటోడు బతకడానికి ఏటి సేస్తాడో తెలుసా? జనాన్ని భయపెడతాడు.

మెంటాడ రోడ్డులో మాది వీడియో మిక్సింగు షాపు. పెల్లిల్లు, సీమంతాలు, గృహప్రవేశాలు, ఏవి తీసినా కోసి, అతికించి, పాటలు పెట్టి ఇస్తాం. సిన్నప్పుడు పెల్లిల్లలో లైటు పట్టుకుని నిలబడేవోడు ఈయన. ఆ రోజుల్లోనే జనరేటర్ బెల్టులో పడి కుడిసేతి బొటనవేలు గోరు ఊడిపోనాది, వేలు వంకరైపోనాది. ఆ వేలితోనే పని నేర్సుకున్నాడు, ఆ వేలితోనే నాకు పుస్తెలు కట్టినాడు.

ఈమద్దిన కాలేజీ కుర్రగుంటలు యూట్యూబుకని ప్రేమ సినిమాలు తీస్తన్నారు. సినిమా ఆల్లే కోసుకుంటారు గానీ ట్రైలర్ మాత్రం ఈయనే సెయ్యాల. దానికి ఈయన కాడ ఒక వరస ఉన్నాది. మొదటంతా పంచదార. బస్టాపు, వాన, ఎగిరే ఓణీ, కిందపడిన పుస్తకం, ఇద్దరూ ఒకేసారి వంగడం, పక్కన దోస్తుగాడి ఎటకారం. అప్పుడు టక్కున పాట ఆపేస్తాడు. తెర నల్లగా అయిపోద్ది. ఒక సెంపదెబ్బ. "ఇంటి పరువు" అని ఒక ముసలి గొంతు. కత్తి. పరిగెత్తే కాల్లు. ఎవులిదో రక్తం. ఆఖర్న ఆ పిల్ల ఏడుపు గొంతుతో ఒక్క మాట, సినిమా పేరు, శుక్రవారం అని.

"అన్నిటికీ ఒకటే పులుసు పోస్తన్నావేటి?" అని అడిగినాను ఒకసారి.

"పిల్లల ప్రేమకత అంటే జనానికి ముందే వరస తెలుసే. ఆ వరసలో రాకపోతే ఇదేదో వేరే సినిమా అనుకుని తోసేస్తారు. నవ్వు ముందు సూపించాల, సావు కాడికి తెచ్చి ఆపెయ్యాల. సచ్చిందో బతికిందో తెలవాలంటే వచ్చి సూస్తారు" అన్నాడు.

"సినిమాలో సావే లేకపోతేనో?"

"అది అబద్దం కాదే. ఊరింపు."

నిజంగానే లేదు, దేవేంద్ర తీసిన సినిమాలో. డిగ్రీ ఆఖరేడు సదివే గుంటడు వాడు. ఒక పిల్లా పిల్లోడూ ఒకే బస్సులో ఎల్తారు, ఇష్టపడతారు, ఆ పిల్లకి దూరంగా నర్సింగు సీటొస్తాది, బస్సెక్కి ఎల్లిపోద్ది. అంతే. పెల్లీ లేదు, సావూ లేదు. ఆ పిల్లగా వేసినాది యమున. చంపావతి ఏటికి అవతల ఊరు ఆల్లది. ఆల్ల నాయిన కూర్మయ్య వరీ నువ్వులూ పండించుకునే మనిషి, మా అమ్మ తరఫున నాకు బాబాయి. మొదట ఒప్పుకోలేదు. "ఆడపిల్లని బొమ్మలోకి పంపితే ఊరు ఊరుకుంటాదేటమ్మా?" అన్నాడు. నేనే ఎల్లి, "నేనుంటాను కద బాబాయ్, నా కల్లముందే ఉంటాది" అని మాటిచ్చినాను. నా నోరు ఊరుకుంటే కదా! ఎస్.కోట కొండకింద మామిడితోటలో మూడ్రోజులు తీసినారు. అందులో నేనెల్లింది ఒక్కరోజు, అన్నం కేరేజీలు పట్టుకుని.

సోమవారం పొద్దున్న పదింటికి ట్రైలర్ ఎక్కించినారు. ఒంటిగంటకి జగ్గమ్మ పిన్ని ఫోను, అంటే యమున తల్లి.

"శైలజా, మీ ఆయన ఏటి సేసినాడే? యమున దొంగపెల్లి సేసేసుకుందంట కదే! ఆ ఫోనులో అందరూ సూసినారు. మీ బాబాయి కాలేజీకెల్లి దాన్ని లాక్కొచ్చి గదిలో తోసి గొల్లెం పెట్టేసినాడు. అరుగు మీద కూకుని కత్తి నూరుతన్నాడే. మాటిచ్చినావు కదే తల్లీ..."

ఫోను కట్టయిపోనాది. పొయ్యి మీద అన్నం ఏటయినాదో, తలుపు ఏసినానో లేదో, షాపులో పడ్డాను.

"పెల్లేటి? సినిమాలో పెల్లి ఎక్కడున్నాది?"

ఈయన మొకంలో నెత్తురు లేదు. ట్రైలర్ ఏసినాడు. యమున నవ్వినాది. పుస్తకం పడ్డాది. యమున తల వంచినాది. పాట ఆగినాది. పసుపుబట్టల్లో ఒక మెడ, పుస్తెలు కడతన్న రెండు సేతులు, ముడి. మల్లీ యమున, కల్లనిండా నీల్లు. ఎంటనే కత్తి. ఎవులు సూసినా దేవుడి మీద ఒట్టేసి సెప్తారు, ఆ పిల్లకి పెల్లయిపోనాదని.

"ఆపు. ఎనక్కి తిప్పు. అక్కడ, ఆ మెడ కాడ."

ఆ మెడ కింద, ఎముక పక్కన, సింతాకంత మచ్చ. నాలుగేల్లప్పుడు గంజి ఒలికి కాలిన మచ్చ. నేను రోజూ అద్దంలో సూసుకునే మచ్చ.

"ఓరి నీ దుంప తెగ! ఇది నా మెడ!"

"మన పెల్లి కేసెట్టు" అన్నాడు సన్నగా. "ఊరోల్ల పెల్లి పెడితే తంతారు. మనదయితే అడిగేవోడు లేడని... పుస్తె కట్టిన షాటు ఒక్క సెకను పడకపోతే కత్తికి అర్దం రాదే. యమున తల వంచింది పుస్తకం ఏరుకోడానికి. ఏడ్సింది బస్సెక్కినప్పుడు. మద్దిలో నీ మెడ పెడితే అతుక్కుపోనాది."

"మరి ఆ కత్తి?"

"ఏదో పెల్లిలో కొబ్బరిబొండాలు కొట్టేవోడిది."

నాకు నవ్వాలో ఏడవాలో తెలవలేదు. ట్రైలర్ని యూట్యూబులోంచి తీసేసినాడు గానీ ఏటి లాబం? అప్పటికే సుట్టుపక్కల ఊర్ల వాట్సాపు గ్రూపులన్నిటికీ ఎల్లిపోనాది.

"బయల్దేరు" అన్నాను.

"నేనా?"

"నీ బొటనవేలు కావాల. మనిషివి రాలేకపోతే వేలు కోసియ్యి, నేనే పట్టుకెల్తాను."

ఏటి వంతెన మీదకొచ్చేలోపు ఈయన రెండుసార్లు బండి ఎనక్కి తిప్పబోయినాడు. ఎనకాల కూకున్న నాకు ఆ ట్రైలర్ మల్లీ మల్లీ తిరుగుతున్నాది. నవ్వు అయిపోనాది. పుస్తె అయిపోనాది. కత్తి వచ్చేసినాది. ఈయన వరస ప్రకారం తరవాత రావలసింది పరిగెత్తే కాల్లు, ఆ తరవాత రక్తం. పైడితల్లమ్మా, ఈ ఒక్కసారికి వరస తప్పించు తల్లీ అని దారిపొడుగునా మొక్కుకున్నాను.

ఆల్ల ఈది నిండా జనం. సేతుల్లో ఫోన్లు. అరుగు మీద కూర్మయ్య బాబాయి. కత్తి ఒల్లో ఉన్నాది. గడ్డికోసే కొడవలి అనుకున్నాను గానీ కాదు, దూలాలు సెక్కే పెద్దకత్తి. లోపల గదిలోంచి చప్పుడు లేదు. అసలు ఏడుపు కూడా లేదు. దాంతో నాకు ఇంకా భయమేసినాది.

"వచ్చినావా అమ్మా" అన్నాడు తల ఎత్తకుండా. "నీ కల్లముందే ఉంటాదన్నావు."

"బాబాయ్, అది పెల్లి కాదు..."

"సూడు, అందరూ నన్నే సూస్తన్నారు. ఫోనులో ఆ నాయిన కత్తి పట్టినాడు కదా. మరి ఈడెప్పుడు పట్టుకుంటాడా అని పొద్దున్నుంచి సూస్తన్నారు. పట్టకపోతే నేను నాయిన్ని కాదంట."

ఆలోసించుకుంటే ఆగిపోదునేమో. ఎల్లి ఆయన ముందు కూకుని, ఊరందరి ముందూ సీర పక్కకి తీసి, మెడ కింద మచ్చ సూపించినాను. రెండో సేత్తో ఫోను పట్టుకుని ఆ బొమ్మ ఆపి పెట్టినాను.

"ఈ మచ్చ సూడు. ఇదిగో ఇదీ సూడు. యమునకి ఉన్నాదేటి ఈ మచ్చ? నువ్వే సెప్పు."

ఈయన గుమ్మం కాడే నిలబడిపోతే, "రావయ్యా!" అని అరిసినాను. కాల్లు ఈడ్సుకుంటూ వచ్చి, కత్తికి జానెడు దూరంలో ఆ వంకర బొటనవేలు సాపినాడు. ఫోనులో పుస్తె ముడి ఏస్తన్న వేలు, ఈ వేలు. రెంటికీ గోరు లేదు. "తప్పు నాదే మావా. అది మా పెల్లి. నన్ను నరుకు" అన్నాడు. అంత పిరికోడూ ఆ మాట అనగలడని నాకు అప్పటిదాకా తెలవదు.

కూర్మయ్య బాబాయి ఫోనుని కల్లకి దగ్గరగా పెట్టుకుని సానాసేపు సూసినాడు.

"కూతురి మెడ ఏ నాయిన తేరిపార సూస్తాడమ్మా" అన్నాడు. లేసి కత్తి ఇంటి సూరులో గుచ్చినాడు. జనం ఒక్కొక్కలే జారుకున్నారు. కొందరి మొకాల్లో సినిమా సగంలో కరెంటు పోయినట్టు నిరాస. దుంపనాశనం!

గొల్లెం మీద సెయ్యేసి బాబాయి ఆగినాడు. ఎనక్కి తిరిగినాడు.

"మెడ నీది. సేతులు ఈడివి. మరి ఆ నవ్వు ఎవులిదమ్మా?"

"ఏ నవ్వు?"

"మొదట్లో ఆ నవ్వు. అది మా యమునదే. అలాటి నవ్వు ఇంటికాడ ఎప్పుడూ నవ్వలేదు. ఎవుల్ని సూసి నవ్వినాది?"

తలుపు సందులోంచి యమున కల్లు కనిపిస్తన్నాయి. నన్నే సూస్తన్నాయి. ఆ సూపుతో నాకు మొత్తం అర్దమైపోనాది.

"నన్ను సూసి" అన్నాను. "కేరేజీలు పట్టుకుని ఎనకాల నిలబడి మూతి తిప్పి ఎక్కిరించినాను. అందుకు నవ్వినాది."

బాబాయి నన్ను సూసినాడు. మెల్లిగా గొల్లెం తీసినాడు. "రేపట్నుంచి కాలేజీకెల్లు" అన్నాడు కూతుర్తో. మేం బండెక్కినాక ఎనకనించి పిలిసినాడు. "శుక్రవారం మీ షాపులో సినిమా సూడ్డానికి నేనూ మీ పిన్నీ వస్తాం. నువ్వెక్కడ నిలబడి ఎక్కిరించినావో సూడాల."

షాపుకొచ్చి, నేను తోటకి కేరేజీలు పట్టుకెల్లిన రోజు తీసినదంతా తెరిపించినాను. మామిడిసెట్టు కింద యమున ఓణీ సర్దుకుంటన్నాది. కెమేరా ఎనకనించి దేవేంద్ర గొంతు: "యమీ, ఇటు సూడవే." అప్పుడు నవ్వినాది. ఆ నవ్వు సూస్తే రాయికీ అర్దమవుతాది.

"ఈ గొంతు నీకు ఇనబడలేదా?" అన్నాను.

"ఇనబడినాది" అన్నాడు ఈయన. "అందుకే గొంతు తీసేసి పాట పెట్టినాను. సినిమాలో కూడా తీసెయ్యమని ఆ గుంటడికి సెప్పినాను."

ఎనిమిది గంటల పాటు ఆ కంప్యూటర్ ముందు కూకుని ఈయన సేసిన మంచిపని అదొక్కటే. నవ్వు మాత్రం కొయ్యలేం. కోస్తే ఆ నవ్వేదమ్మా అని అడుగుతాడు బాబాయి. ఉంచితే నీ ఎక్కిరింపేదమ్మా అంటాడు.

అందుకే మంగళవారం పొద్దున్నే మేమిద్దరం ఎస్.కోట తోటకి ఎల్లినాం. అదే సెట్టు, అదే ఎండ, అదే సీర, సేతిలో అవే కేరేజీలు. నేను మూతి తిప్పాల. ఈయన దాన్ని సినిమాలో యమున నవ్వుకి ముందు అతికిస్తాడు. తిప్పినాను.

"మల్లీ" అన్నాడు.

"బాగానే ఎక్కిరించినాను కదా?"

"మూతి బాగానే ఉన్నాది. కల్లు సూసుకో."

కెమేరాలో సూసుకున్నాను. సూరులో కత్తిని సూస్తన్న ఆడమనిషి ఉన్నాది అక్కడ.

"ఇది సూసి ఏ పిల్ల నవ్వుతాదే?" అన్నాడు ఏడుపు గొంతుతో.

పదకొండు సార్లు తీసినాడు. పదకొండింటిలోనూ అవే కల్లు.