ఆ తెల్ల కోటాయన ఇల్లు ఏడుంది?

మా చెల్లెకు ఎడమ రొమ్ముల గడ్డ తేలింది. బఠానీ గింజంత ఉందని ఆమె చెప్పింది. నేను చెయ్యి పెట్టి చూస్తే రేగుపండంత తగిలింది. నొప్పి లేదట. నొప్పి లేదు గనుక ఫికర్ లేదని ఆమె, నొప్పి లేదు గనుకనే నాకు భయమని నేను.

సర్కారు దవాఖానకు నేనే తోలుకపోయిన. డాక్టరమ్మ చెయ్యి పెట్టి చూసి, స్కానింగ్ తీపిచ్చి, "సూది పెట్టి కొంచెం ముక్క తియ్యాలె, పరీక్షకు పంపాలె, వచ్చే వారం రామ్మా" అన్నది. చెల్లె తలూపింది. బయటికొచ్చి ఆటోల కూసున్న కాడ్నించి ఫోన్ తీసింది. ఇగ గా వచ్చే వారం మాకు రానే రాలే.

మేమిద్దరం ఫలక్‌నుమాలనే ఉంటం, నాది ముందు గల్లీ, ఆమెది ఎన్క గల్లీ. నాకు బర్రెల కొట్టం ఉంది. పెనిమిటి పోయినంక నేనే చూసుకుంటున్న. మరిది, అంటే చెల్లె మొగడు, పత్తర్‌గట్టిల బట్టల దుకాణంల పనిచేస్తడు. మా ఎవ్వరికి పెద్ద చదువు లేదు. నేను బస్సు మీది అక్షరాలు కూడబలుక్కుంట, సంతకం పెడత, అంతే. ఇదంత గూడ నేను చెప్తుంటే నా కోడలు రాస్తున్నది. కానీ ఫోన్ల అడగాలంటే రాసుడు అక్కర లేదు కదా. నోటి దగ్గర పెట్టుకొని మాట్లాడితే చాలు. రాయమంటే చేతులు వణికే మా చెల్లె, ఫోన్‌ను మాత్రం వకీలు లెక్క అడుగుతది.

"రొమ్ముల గడ్డకు సూది పొడిస్తే ఏమైతది" అని అడిగింది.

ఫోన్ ఒకాయనను చూపించింది. తెల్ల కోటు, మెడల గొట్టం, ఎన్కకు పుస్తకాల అల్మారి. ఆయన చేతులు ఊపుకుంట ఏం చెప్పిండంటే, గడ్డ నిద్రపోయే పాము అసోంటిదట. సూది పొడిస్తే లేస్తదట. లేసి ఒళ్లంత పాకుతదట. దవాఖానోళ్లకు ఇది ఎర్కేనట, చెప్పరట. ఆఖర్ల ఒక పొడి డబ్బ ఎత్తి చూపించిండు.

ఆ పాము మా చెల్లె బుర్రల దూరింది. ఇగ ఎల్లలే.

"అక్కా, నువ్వే చూడు. డాక్టరే చెప్తుండు."

"డాక్టరని నీకెవరు చెప్పిండ్రు?"

"కోటు లేదా మరి?"

"కోటు పత్తర్‌గట్టిల దొరుకుతది. నీ మొగనికి చెప్తే నాకొకటి తెస్తడు. రేపటి నుంచి నేను గూడ ఏసుకొనే పాలు పిండుత."

నవ్వలే. మా చెల్లె నా మాటకు నవ్వకపోతే భయం ఎముకల దాక పోయిందని లెక్క.

ఆ ఒక్క వీడియోతోని ఆగితే బాగుండు. ఒకటి చూస్తే దాని అసోంటివే ఇంకో పది తెచ్చి ముంగట పెడతది ఫోన్. మనకు ఏం కావాల్నో దానికి తెలుస్తదట. మనకు ఏది మంచిదో మాత్రం తెల్వదు. చెల్లె అన్నం కలుపుకుంట చూస్తది, బట్టలు ఆరేసుకుంట చూస్తది. అందరు అదే మాట. "గింతమంది చెప్తుంటే అబద్ధం ఎట్లయితది అక్కా" అంటది. గింతమంది కాదు, ఒక్కడు చెప్పింది గింతమంది పాడుతున్నరు. ఆ మాట ఆమెకు ఎట్ల చెప్పాల్నో నాకు తెల్వకపాయె.

సరే, ముల్లును ఫోన్‌తోనే తీద్దామనుకున్న. నా ఫోన్ల అదే మాట అడిగిన. నేనెప్పుడు బర్రెల మేత, బర్రెల రోగాలు చూస్త కదా, ముందుగాల బర్రె పొదుగు వాపు మీద వీడియో పెట్టింది. సిగ్గుపోయింది. మళ్ల అడిగిన. ఈసారి ఒక చీర కట్టుకున్నామె వచ్చి పాలు, పెరుగు బంద్ చేస్తే గడ్డ కరుగుతదన్నది. నా బతుకు మీదనే కొట్టింది. ఫోన్ బోర్లపెట్టి కుడితి కలపబోయిన.

ఎదురింటి ఖాలా గిన్నె పట్టుకొని పాలకొచ్చింది. బార్కస్ నుంచి ఈ గల్లీకి కోడలై వచ్చిన మనిషి, నేను పెండ్లై వచ్చిన కాడ్నించి నాకు ఎర్క. సంగతి చెప్పిన. ఆమె ఫోన్ తీసి ఉర్దూల అడిగింది. గడ్డమున్న ఒక పెద్దాయన వచ్చి కలోంజీ నూనె, అంటే నల్ల జీలకర్ర నూనె, రాయమన్నడు.

"దేఖో బేటీ, కలోంజీ" అన్నది ఖాలా.

"ఖాలా, నీ మోకాళ్లకు గూడ గదే చెప్పిండు కదా మొన్న?"

"హా."

"తక్కువైందా?"

"నై," అని నవ్వింది. "మగర్ వాసన మంచిగుంది."

అడిగింది ఒకటే. చెల్లె ఫోన్ల పాము, నా ఫోన్ల బర్రె, ఖాలా ఫోన్ల కలోంజీ. ఒక్క గల్లీల మూడు ఫోన్లు, మూడు జవాబులు. నాకు మస్తు కోపమొచ్చింది. కందిపప్పు ధర అడిగితే మూడు దుకాణాలల్ల రూపాయి అటు ఇటు చెప్తరు గానీ, ఒకడు పప్పు అని, ఒకడు ఉప్పు అని చెప్పడు కదా.

మాపటికి కోడలు పని నుంచి వచ్చింది. ఆమె ఇంటర్ దాక చదివింది. ఇంగ్లీషుల ఎతికింది. "ఇగో అత్తమ్మా, ఇది పెద్ద దవాఖానది. సూది పరీక్షతోని రోగం పాకదని రాసిండ్రు, భయపడొద్దని రాసిండ్రు" అన్నది. నా పానం లేసొచ్చింది. "మరి తెలుగుల చూపియ్యి, మీ చిన్నత్తకు చూపిద్దాం" అన్న. తెలుగు అని ఉన్న కాడ ఒత్తింది. చదివింది. కణజాలమట, కణితి అట, చూషణ అట. ఆమె చదువుకుంట చదువుకుంట ఆగింది.

"నాకే అర్థమైతలేదత్తమ్మా."

"గిది తెలుగేనా?"

"తెలుగే."

ఎవరి తెలుగు అది? మా తల్లి గట్ల మాట్లాడలే, మా అత్త గట్ల మాట్లాడలే, దవాఖానల డాక్టరమ్మ గూడ గట్ల మాట్లాడలే. అబద్ధమేమో మా ఇంట్ల మాట్లాడినట్టు మాట్లాడుతది, అవ్వా, అక్కా అని పిలుస్తది. నిజమేమో సర్కారు కచేరీల కాయితం లెక్క ముడుచుకొని కూసుంటది. ఇగ మా అసోంటోళ్లు ఏ దిక్కు పోతరు?

కోడలు ఇంగ్లీషుది చూసి దాని భావం చెప్తనన్నది. ఇద్దరం చెల్లె ఇంటికి పోయినం. చెల్లె అంత ఇన్నది. ఇని, "బిడ్డా, నువ్వు నిన్నగాక మొన్న వచ్చినవు, నువ్వు డాక్టరువా? నీకేం తెలుసు?" అన్నది. కోడలి మొఖం గింతైంది.

నా ఒళ్లు మండింది. "గా పొడి డబ్బోడు నీకు తోడబుట్టినోడా?"

"డాక్టరమ్మనే ఫోన్ల చెప్తె నమ్ముత," అన్నది చెల్లె. "చెప్పిపియ్యి పో."

"డాక్టరమ్మ నీకు మొఖం మీదనే చెప్పింది కదనే!"

"అప్పుడు నాకు పాము సంగతి తెల్వదు."

మరిది మంచం మీద కూసొని కింద నేల చూస్తుండు. ఆయన గూడ చూసిండు ఆ వీడియోలు. ఆయనకు సూది కన్న, సూది తర్వాత ఏం చెప్తరో అని భయం. ఎవ్వరు బయటికి అనలే గానీ, ఆ ఇంట్ల అందరికి కావాల్సింది ఒక్కటే, ఏం కాదు అని ఎవరో ఒకరు చెప్పాలె. ఫోన్ ఆ మాట అడిగినప్పుడల్ల చెప్తున్నది. నేనొక్కదాన్నే చెప్తలేను. అందుకే నేను చెడ్డదాన్నయిన.

మరునాడు పొద్దుగాల పాలు పోసి ఒక్కదాన్నే దవాఖానకు పోయిన. మస్తు సేపు లైన్ల నిలబడ్డ. లోపటికి పోయి, "అమ్మా, మా చెల్లె సూదికి భయపడుతున్నది, జర ఫోన్ల రెండు మాటలు చెప్పు తల్లీ" అని ఫోన్ ముంగట పెట్టిన.

"ఫోన్ లోపల పెట్టండమ్మా. ఇక్కడ రికార్డు చెయ్యొద్దు."

"నీ మొఖం రాదమ్మా, గొంతు ఒక్కటే."

"గొంతే తీసుకుంటరు. ముక్కలు కోసి ఇంకేదో అతికిస్తరు, నేను ఏదో మందు అమ్ముతున్నట్టు తిప్పుతరు. అయింది గట్ల ఇంకో డాక్టరమ్మకు. నువ్వు ఇను, పోయి చెప్పు. సూది పొడిస్తే గడ్డ పాకదు. అన్ని గడ్డలు చెడ్డవి గూడ కావు. కానీ పరీక్ష చెయ్యకుండ అది మంచిదో చెడ్డదో నేను ఎట్ల చెప్త? ఆలస్యం మాత్రం మంచిది కాదు. తోలుకరా, నేనే మాట్లాడుత."

ఆమె చెప్పింది న్యాయమే. న్యాయమైనా నాకు ఏడుపొచ్చింది. అబద్ధం చెప్పేటోనికి పొద్దంత టైముంది, లైట్లున్నయి, అల్మారి ఉంది. నిజం తెలిసినామె నాకు రెండు మాటలు చెప్పేటప్పటికి నా ఎన్కున్నోళ్లు "జల్దీ అమ్మా, జల్దీ" అని లొల్లి పెట్టిండ్రు.

వచ్చి మాపటికి కొట్టంల కూసున్న. బర్రెకు తౌడు పెట్టిన, పొదుగు కడిగిన. గల్లీ జనం గిన్నెలు పట్టుకొని నిలబడ్డరు. నేను వాళ్ల కండ్ల ముంగటనే పిండుత, ఎప్పటి నుంచో గదే పద్ధతి. ప్యాకెట్ పాలు ఎన్ని వచ్చినా వాళ్లు ఈడికే వస్తరు. ఎందుకంటే నీళ్లు కలిపిన్నో లేదో కనపడతది. కనపడక విరిగితే గూడ, మరునాడు పొద్దుగాల నేను ఈడనే ఉంట. తిట్టాల్నంటే మనిషి దొరుకుతది.

అది మతికొచ్చి, పిండుడు ఆపి, రికార్డు ఒత్తి ఫోన్ నోటి దగ్గర పెట్టుకున్న. నా గొంతు మొదటి నుంచి మొరటు, అట్లనే చెప్పిన:

"ఇనుండ్రి. రొమ్ముల గడ్డకు సూది పొడిస్తే పాకదు. నేను దవాఖానకు పోయి డాక్టరమ్మను అడిగొచ్చిన. పొడి అమ్మేటోని మాట ఇని కూసుంటే ఆలస్యమైతది. వీడియోల ఎవడన్నా చెప్తే ముందు గిది అడగుండ్రి, వాని ఇల్లు ఏడుంది? వాడు ఏం అమ్ముతుండు? తప్పయితే ఎవని ఇంటి ముంగటికి పోయి తిట్టాలె? నాది తప్పయితే నేను కొట్టంలనే ఉంట. పొద్దుగాల ఉంట, మాపటికి ఉంట. వచ్చి తిట్టుండ్రి."

ఖాలా ఇన్నది. పాల గిన్నె కింద పెట్టి, నా ఫోన్ తీసుకొని ఆమెనే పాలకొచ్చేటోళ్ల వాట్సాప్ గ్రూపుల పెట్టింది. "మై భీ భేజ్తూ," అని బార్కస్‌ల ఉన్న వాళ్ల చుట్టాలకు గూడ పంపింది. అబద్ధాలు తిరిగే తొవ్వలనే నా మాటను తోలింది.

మరునాడు ఇంకా పాలు పిండకముందే చెల్లె వచ్చింది. కొంగు నడుముకు దోపుకొని వచ్చింది.

"నా రొమ్ము సంగతి ఊరందరికి చెప్తవా!"

"నీ పేరు ఏడ తీసిన?"

"పేరెందుకే! నీ గొంతు ఎవ్వరికి తెల్వదు? బర్రె నీ ఎన్క అరుస్తున్నది గూడ ఇనపడుతున్నది! మీ మరిదికి దుకాణంల ఎవరో ఇనిపిచ్చిండ్రట, ఇది మీ వదిన కాదా అని అడిగిండ్రట!"

"అయితే ఇన్నవన్నట్టు."

"ఇన్న."

"ఎంతవరకు ఇన్నవు?"

చెల్లె దుడ్డెను జరిపి, బోర్లేసిన బకెట్ మీద కూసున్నది.  నేను పాలు పిండుకుంట ఉన్న. మెల్లగ అన్నది, "మంచం మీద పండుకొని గదే ఆలోచన చేసిన. తప్పయితే ఆ కోటోన్ని ఏడ పట్టుకోవాలె? నువ్వయితే ఈడ దొరుకుతవు."

"దొరుకుత."

"నిన్ను ఇడిచిపెట్ట మరి."

"ఇడిచిపెట్టకు. పాలు పోసి వస్త. తల దువ్వుకో."

ఆ రోజే పోయినం. మరిది గూడ దుకాణం సెలవు పెట్టి వచ్చిండు. డాక్టరమ్మ చెప్పినట్టే చెల్లెతోని మాట్లాడింది, నాతోని మాట్లాడిన దాని కన్న ఎక్కువ సేపే. సూది పెట్టేటప్పుడు చెల్లె నా చెయ్యి పట్టుకొని గోర్లు గుచ్చింది. సూది నొప్పి ఆమె కన్న నాకే ఎక్కువ అయిందనుకుంట.

తిరిగొచ్చేటప్పుడు ఆటోల మళ్ల ఫోన్ తీసింది. తియ్యంగనే ఆయన. అదే కోటు, అదే అల్మారి.

"వచ్చిండు సూడు," అన్నది.

"అడుగు మరి."

ఫోన్ నోటి దగ్గర పెట్టుకొని, "తెల్ల కోటు డాక్టరు ఇల్లు ఏడుంది" అని అడిగింది. ఫోన్ జరసేపు తిరిగి తిరిగి, కిరాయికున్న ఇండ్లు చూపించింది. మరిది ముందు సీటుల నుంచి ఎన్కకు తిరిగి నవ్విండు. మా చెల్లె నవ్వింది. నవ్వుకుంటనే కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నది.

రిపోర్టు ఇంకా రాలే. నాకు ఆ ఫోన్ మీద కోపం తగ్గలే, తగ్గేదిగాదు గూడ. పొద్దుగాల లేస్తే దాంట్ల కొత్త కోట్లు, కొత్త డబ్బలు. కోడలు నాకు చెప్పింది, ఇంగ్లీషుల ఉన్నది మన మాటల్ల చెప్పేటోళ్లు ఎవరో ఒకరు ఉంటరత్తమ్మా, ఎతుకుత అని. ఎతుకు బిడ్డా అన్న. దొరికేదాక ఎవరు పాము అంటే వాళ్ల ఎన్క పోవాల్నా మేము?

చెల్లె మాత్రం రోజు పొద్దుగాల పాల గిన్నెతోని కొట్టం ముంగట నిలబడుతున్నది. పాలు వాళ్లింటికి నేనే పంపుత ఎప్పుడు, ఆమె రావాల్సిన పని లేదు.

"రిపోర్టు మంచిగ రాకపోతే చూడు నీ సంగతి," అంటది.

"ఈడనే ఉంట," అంట నేను. గిన్నె అందుకుంట.