పిల్లి నిద్ర చెడకుండా దూకించిన గురువు

మా వ్యాయామ గురువు రహీం సార్ కన్నుమూశారన్న వార్త వచ్చింది. మొన్ననే ఫోనులో, "సిమెంటు నేల మీద దుంకిస్తున్నవంట. పిల్లల మోకాళ్లు ఏమన్న బజార్ల దొరుకుతయా?" అని నన్ను కడిగేసిన గొంతు అది. గద్వాలలో ఆయన శిష్యురాలిని, ఇప్పుడు గోపాల్‌పేట బడిలో అదే కొలువు నాది. శోకంతో నివాళి రాద్దామని కూర్చుంటే నవ్వే ముందొస్తోంది. ఆ నేరం ఆయనదే.

గద్వాల బడి మైదానంలో ఇసుక గుంట పక్కన ఒక పిల్లి పడుకునేది. సార్ దానికి బేగం అని పేరు పెట్టారు. అది కునుకు తీస్తుంటే మమ్మల్ని చెక్కపెట్టె మీది నుంచి దూకించేవారు. మా పాదాల చప్పుడుకు బేగం కళ్లు తెరిచిందా, ఆ రోజుకు పెట్టె ఎత్తు పెంచరు. "దుంకుడు కప్పకు గూడ వస్తది బిడ్డా, దిగుడే విద్య. మోకాళ్లు లోపలికి వంగొద్దు. గోడ మీంచి బేగం ఎట్ల దిగుతదో చూడు!" అనేవారు. ఒకనాడు దూకితే మరునాడు ఎంత బతిమాలినా దూకనివ్వరు. "కాళ్లకు గూడ ఐతారం సెలవు కావాలె" అన్నది ఆయన వేదవాక్యం.

జిల్లా లాంగ్‌జంప్ జట్టు ఎంపికకు ముందు నా మోకాలు వాచింది. సార్ దూకనివ్వనన్నారు. నా ఆశలన్నీ ఆ ఎంపిక మీదే, ఒకటే ఏడుపు. మా నాన్న మగ్గం దిగి కోపంగా వచ్చాడు.

"మంచి ఛాన్స్ పోతది సార్, జర దుంకనియ్యుండ్రి."

"అన్నా, గంజి ఆరకముందే పడుగును మగ్గానికి ఎక్కిస్తవా?"

"ఎట్ల ఎక్కిస్త? పోగులు తెగుతయి."

"మరి నీ బిడ్డ మోకాలు పోగు కన్న అగ్గువనా?"

నాన్నకు నవ్వాగలేదు. చాయ్ తాగి వెళ్లిపోయాడు. నేను మాత్రం అలిగి సార్‌తో మాట్లాడటం మానేశాను. ఆయన రోజూ ఎదురుపడి, "వాపు ఎట్లున్నది మహారాణీ?" అని పలకరించేవారు. తానే దవాఖానకూ తీసుకుపోయారు. మరుసటి ఏడు నిండు ఆరోగ్యంతో దూకి జట్టులో చేరాను. ఈనాటికీ ఆ మోకాలితోనే నా పిల్లలకు దూకి చూపిస్తున్నాను.

అంత్యక్రియలు ముగిశాక పాత శిష్యులమంతా మైదానంలో కలిశాం. గుంట పక్కన ఆనాటి బేగం మనవరాలు నిద్రపోతోంది, దాని పేరూ బేగమే. అందరూ నన్నే ముందుకు తోశారు. పెట్టె ఎక్కి దూకాను. అలవాటు చొప్పున అందరం గుంట ఎదుట ఆయన ఎప్పుడూ కూర్చునే కుర్చీ వైపు తిరిగాం.

సార్, బేగం కళ్లు తెరవలేదు. పెట్టె ఎత్తు పెంచమని చెప్పేవారే లేరు.