ప్లాస్టరు మీద గీసిన దారి

ఈ కబురు నాకు మొదట తెచ్చింది మా తమ్ముడి కూతురు. ఆదివారం ఆరాధన ముగిసి నేను చర్చి మెట్లు మెల్లగా దిగుతుంటే, ఎప్పుడూ చెవుల్లోనే ఉండే ఇయర్‌ఫోన్లు తీసి మెడలో వేసుకుని, నా చెయ్యి పట్టుకుని, "అత్తా, జెర కూర్చో. చిన్న తాతయ్య పొద్దున పడిపోయిండంట. తెలివి లేదంట" అంది. ఆ పిల్లకు చిన్న తాతయ్య అంటే మా అమ్మ ఆఖరి తమ్ముడు, మా చిన్న మామయ్య. తలలో రక్తనాళం చిట్లిందట. ఆసుపత్రిలో డాక్టరుగారు మమ్మల్ని పక్కకు పిలిచి, "ఇంక ప్రార్థన చేసుకోండమ్మా" అన్నారు. ఆశ లేదని చెప్పడానికి వాళ్లు వాడే మాట అది. మాకైతే అది పని అప్పగించినట్టే. ఆ రోజు నుంచి అదే చేస్తున్నాను.

ఐసీయూ బయట కుర్చీల్లో ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతుందని, మేనకోడలు ఒక ఇయర్‌ఫోను నా చెవిలో పెట్టి, ఎవరో నలుగురు కుర్రాళ్లు సొంతంగా చేసుకున్న పాట ఒకటి వినిపించింది. దాన్ని ఇండీ రాక్ అంటారట. వినిపించి ఊరుకోకుండా, "బాగుంది గానీ మరీ నీట్‌గా పాడిన్రు అత్తా. యాడనన్న జెర తప్పు పోతే మంచిగుండు" అంది. ఈ పిల్ల పుట్టక ముందే, ఇవే మాటలు, లోపల ట్యూబుల మధ్య పడుకుని ఉన్న ఆ మనిషి నోట విన్నాను.

నాకు పదేళ్లప్పుడు తుంటి ఎముకకు క్షయ వచ్చింది. నడుము నుంచి పాదం దాకా ప్లాస్టరు వేసి, మెట్టుగూడ రైల్వే క్వార్టర్సులో ముందు గది కిటికీ పక్కన మంచం మీద పడుకోబెట్టారు. బడి ఆగిపోయింది, మళ్లీ నేను బడి మొహం చూడనే లేదు. లెక్కలు నాన్న ఆఫీసు నుంచి వచ్చాక చెప్పేవారు, తెలుగు అమ్మ కీర్తనల పుస్తకం పెట్టి నేర్పింది. మిగిలిన లోకమంతా మామయ్య నేర్పాడు. అమ్మది గుంటూరు వైపు, ఆ యాస చివరిదాకా వదల్లేదు. మామయ్య మాత్రం చంటితనంలోనే అమ్మ వెంట సికింద్రాబాదు వచ్చి ఇక్కడి మాటే పట్టుకున్నాడు. అప్పటికి ఆయన కాలేజీ కుర్రాడు. కార్ఖానా బస్తీలో ఒక సందులో వీడియో గేముల దుకాణం ఉండేది, మన వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది ఆ చీకటి గదులు, నిలువెత్తు పెట్టెలు, రూపాయి బిళ్ల వేస్తే వెలిగే తెరలు. కాలేజీ అయ్యాక సైకిలు మీద అక్కడికి పోయి ఆడి, తిన్నగా నా మంచం దగ్గరికి వచ్చి, ఏ ఆట ఎలాంటిదో తీర్పు చెప్పేవాడు. చచ్చినప్పుడు తప్పు మనదే అనిపించాలి, అదే మంచి ఆట అనేవాడు. ఊరికే చంపేసే ఆట దొంగ ఆట. నేనూ తగ్గేదాన్ని కాదు. కనీసం తెర కూడా చూడకుండా, ఆ కార్ల ఆట కంటే ఈ కోట ఆటే నయమని వాదించేదాన్ని. "ఆడెటోళ్లకు సుత ఇన్ని అభిప్రాయాల్లేవు కోడలా నీకున్నన్ని" అని నవ్వేవాడు.

సంగీతం విషయంలోనూ అంతే. మౌలాలి రైల్వే కాలనీలో ఆయనకు స్నేహితులుండేవారు, ఆంగ్లో ఇండియన్ కుర్రాళ్లు. వాళ్లు ఎక్కడెక్కడి నుంచో తెప్పించిన చిన్న చిన్న బృందాల పాటలు మామయ్య క్యాసెట్ల మీదికి ఎక్కించుకుని తెచ్చి నాకు వినిపించేవాడు. ఏ కంపెనీ అండా లేకుండా ఎవరి గ్యారేజీలోనో వాళ్లే రికార్డు చేసుకున్న పాటలు. ఒక పాట మధ్యలో ఎవరో దగ్గిన చప్పుడు వినిపిస్తుంది, మామయ్యకు ఆ దగ్గే ప్రాణం. తప్పు ఉంచినోడే మనతోని నిజం మాట్లాడినోడు అనేవాడు. చర్చి క్వయరు కోసమని నాన్న కొనిచ్చిన గిటారు మీద వాటినే వాయిస్తుంటే, అమ్మ వంటింట్లోంచి, "దేవుడి పాటలు వాయించమని కొనిస్తే ఇదేంట్రా, కుక్కరు కూతేసినట్టు" అని అరిచేది. "కుక్కరు కూత పెడితేనే గదక్కా అన్నం ఉడికేది" అనేవాడు. అమ్మ నవ్వు ఆపుకోవడం నాకు మంచం మీంచి కనిపించేది.

కోట ఆటలో ఒక చిక్కుదారి ఉండేది. దాని నుంచి బయటపడలేక ఒకనాడు పెన్సిలు తీసుకుని ఆ దారిని నా కాలి ప్లాస్టరు మీదే గీశాడు. ఎక్కడెక్కడ చచ్చాడో అక్కడ చిన్న ఇంటూ గుర్తులు. ఇక్కణ్ణుంచి ఎటు పోదామో చెప్పమనేవాడు. నేను చెప్పిన వైపు మర్నాడు వెళ్లి ఆడి, వచ్చి ఇంకో గీత గీసేవాడు. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో మాట్లాడకూడదు కదా, అమ్మ కళ్లు మూసుకోగానే ఆయన వేలు నా చేతిలో పెట్టేవాడు. నేను ఒకసారి నొక్కితే ఎడమ, రెండుసార్లు నొక్కితే కుడి. అలా నేను మంచం దిగకుండానే కోటలో ఎంతో దూరం నడిచాను. ఆ ప్లాస్టరు కోసం ఇప్పటికీ దేవునికి కృతజ్ఞతలు చెప్పుకుంటాను, వినేవాళ్లకు వింతగా ఉంటుందేమో.

కోట నుంచి బయటపడే గుమ్మం ఇంకా దొరకక ముందే ప్లాస్టరు కోసేశారు. కాలు సన్నబడి వెదురుపుల్లలా ఉంది, నిలబడుతుందని చెప్పలేమన్నారు. అమ్మ ఉపవాసాలు పట్టింది. నాకు మాత్రం కాలికంటే ముక్కలైపోయిన ఆ దారి మీదే ఏడుపు. మామయ్య గదికి ఆ చివర నిలబడి, "నీకు మూడు ప్రాణాలున్నయ్ కోడలా. పడితే ఒకటి పోతది, ఇంకా రెండున్నయ్. రా. ఎడమ" అన్నాడు. పడ్డాను. "ఇంకా రెండున్నయ్, లే." మనిషికి దేవుడిచ్చింది ఒక్కటే ప్రాణం, ఆ మాటలేంట్రా అని అమ్మ కసిరింది. "ఆట మాటక్కా" అన్నాడు, నా వైపే రెండు చేతులూ చాస్తూ. ఆ వారమంతా ఎన్ని ప్రాణాలు పోగొట్టుకున్నానో ఆయన లెక్క పెట్టలేదు. ఎప్పుడు పడినా రెండు మిగిలే ఉండేవి. ఈనాడు కుంటుతూనైనా చర్చి మెట్లు నా అంతట నేను దిగుతున్నానంటే ఆ అబద్ధపు లెక్క వల్లే.

కొన్నాళ్లకు ఆ దుకాణం మూతపడింది. కోట గుమ్మం ఎటుందో మాకు ఎప్పటికీ తెలియలేదు.

ఇప్పుడు ఆటలన్నీ మేనకోడలి ఫోనులోనే ఉన్నాయి. అందులో ఎన్నిసార్లు చచ్చినా చచ్చిన చోటి నుంచే మళ్లీ మొదలవుతుందట, దారి తెలియకపోతే బాణం గుర్తు అదే చూపిస్తుందట. మంచిదే. పిల్లలకు అంత కష్టం దేనికి. కాకపోతే ఎవరి చెవిలో పాట వాళ్లది, ఎవరి తెర వాళ్లది. ఆడలేని మనిషి పక్కన కూర్చుని ఆటంతా కథగా చెప్పాల్సిన అవసరం ఎవరికీ రావడం లేదు. నా మేనకోడలు ఒక ఇయర్‌ఫోను నాకిచ్చింది కనుక ఆ పిల్లను ఆ లెక్కలో వెయ్యను.

సాయంత్రం ఒక్కరినే లోపలికి పంపిస్తారు. మామయ్య భార్య, మా అత్తయ్య, తన వంతు నాకిస్తోంది. మామయ్య అరచెయ్యి విప్పి, నాకు గుర్తున్నంత వరకు ఆ దారిని వేలితో గీస్తాను. మేము ఆగిపోయిన మలుపు దగ్గరికి రాగానే నా వేలు ఆయన చేతిలో పెట్టి, ఎడమా, కుడా అని అడుగుతాను. ఇంకా రెండున్నాయి మామయ్యా అంటాను. నర్సమ్మ టైమయిందని పిలిచేదాకా అలాగే ఉంటాను. నిన్న కూడా నొక్కలేదు.

ఇది చదివిన మీరు ఈ రాత్రి మోకరించినా, చేతులు జోడించినా, దువాకు చేతులెత్తినా ఆయన్ని ఒక్కసారి తలుచుకోండి. పేరు అక్కర్లేదు. మెట్టుగూడలో లేవలేని పిల్ల కాలి మీద పెన్సిలుతో దారి గీసిన మనిషి అనండి, దేవునికి తెలుస్తుంది.